మూడో సీసా

హేగ్‌లో ట్రామ్ దిగి
వానకి తల వంచి నడిచేవాళ్లలో
వీబ్రెన్ తెర్ప్‌స్ట్రా ఒకడు.
విషవాయువులు ఇక వద్దని దేశాలు రాసుకున్న ఒప్పందానికి
అతను గోదాము మనిషి.
సీసాలు, సీళ్లు, గ్లవ్స్, తాళాలు.
ఇరవై రెండేళ్లుగా అవే.

లుసాకా నుంచి కొత్తగా వచ్చిన చిలేషె
మొదటి రోజే అడిగింది:
"ఇక్కడ అసలు పెద్ద ఎవరు?"

వీబ్రెన్ కాఫీ కప్పు కింద పెట్టి
పైకప్పు వైపు వేలు చూపించాడు.
అక్కడ మినుకుమంటున్న ట్యూబులైటు తప్ప ఏమీ లేదు.

ఏడాదికోసారి అందరూ వస్తారు.
మాటిచ్చిన ప్రతి దేశమూ.
అక్షరాల వరసలో కుర్చీలు.
నిన్నటిదాకా ఫిరంగులతో మాట్లాడుకున్న ఇద్దరు
పక్కపక్కన కూర్చుని
ఒకే జగ్గులో నీళ్లు వంచుకుంటారు.
ఖర్చుల పద్దు ఒప్పుకునేది వాళ్లే.
దేశానికి ఒక ఓటు. చిన్నా పెద్దా లేదు.
(గదిలో లేదు. కారిడార్లో ఉంది.)

వాళ్లు పెట్టెలు సర్దుకుని వెళ్లాక
వాళ్లలోంచే నలభై చిల్లర దేశాలు మిగులుతాయి,
ఖండానికిన్నని వంతులేసుకుని.
దాన్ని కౌన్సిల్ అంటారు.
ఒక వాక్యంలో ఆందోళన చాలా,
తీవ్రమైన ఆందోళన కావాలా అని
రాత్రి పదకొండు దాటినా లేవరు.
అనువాదకుల గాజుగదుల్లో
ఆ 'తీవ్రం' ఆరు భాషల్లో పుట్టి
ఆరు భాషల్లోనూ చస్తుంది.

నవ్వకు, అన్నాడు వీబ్రెన్.
ఆ ఒక్క మాట తేలితేనే ఒక్కోసారి
మనవాళ్లకి విమానం టిక్కెట్టు.

ఆ కింద మనం.
రసాయనం చదివినవాళ్లు, చట్టం చదివినవాళ్లు,
నాలాగా ఏమీ చదవక లెక్క తప్పనివాళ్లు.
డైరెక్టర్ జనరల్‌కి పెద్ద కిటికీ ఉంది.
సైన్యం లేదు, జైలు లేదు.
ఉన్నదల్లా తలుపు తట్టే హక్కు,
తీసేదాకా గుమ్మంలో నిలబడే ఓపిక.

ఇక్కడ కథ ఆపి నా మాటొకటి.
మన భాషలో ఒప్పుకోవడం రెండు రకాలు.
సరే అనడం ఒకటి.
చేశాను అనడం ఇంకొకటి.
మొదటిదానికి సిల్కు రిబ్బనూ, పెన్నూ, ఫొటోగ్రాఫరూ ఉంటారు.
రెండోదానికోసం
ఎవరో ఒకరు ఎండలో రబ్బరు సూటు తొడుక్కుని
పురుగుమందుల ఫ్యాక్టరీ వెనక
మోకాళ్ల మీద కూర్చుని
చెంచాడు మట్టి తీయాలి.

అలా ఓసారి రాగ్నిల్డ్ తెచ్చింది.
మేనేజరు ఆమెకి టీ ఇచ్చాడట,
సాసర్లోనే సగం ఒలికిందట.
చెంచాడు మట్టి మూడు సీసాలైంది.
రెండు, ఒకదాని సంగతి ఒకదానికి తెలియని
రెండు దేశాల ప్రయోగశాలలకి.
మూడోది వీబ్రెన్ అలమరలోకి.

రెండు శాలలూ ఒకే పేరు రాసి పంపాయి.
ఆ దేశం లేచి, అబద్ధం అంది.
మట్టి మాది కాదంది. సీసా మార్చారంది.
అప్పుడు మూడోది రమ్మంది కౌన్సిల్.

పెట్టె ఒళ్లో పెట్టుకుని వెళ్లాడు వీబ్రెన్.
సీలు మీది నంబరు అతను చదివితే
ఆ దేశపు మనిషి తన కాగితంలో చూసుకున్నాడు.
మళ్లీ చదవమన్నాడు.
మళ్లీ చదివాడు.
మూడోసారి అడగలేదు ఆ మనిషి,
కళ్లజోడు తీసి టై చివరతో
చాలాసేపు తుడుచుకున్నాడు.

"తర్వాత?" అంది చిలేషె.
తర్వాత ఏముంది, భోజనాల వేళయింది.
ఒప్పుకోవడానికి ఇంకో పద్నాలుగు నెలలు పట్టింది.
అదీ సగమే.

వాన కిటికీ మీద గీతలు గీస్తోంది.
ఆమె కొత్త సీళ్ల పెట్టె విప్పి
నంబర్లు రిజిస్టరులో ఎక్కించడం మొదలుపెట్టింది.
పేజీ నిండుతుంటే వీబ్రెన్ వంగి చూశాడు.
"ఇది ఏడా, ఒకటా?"
"ఏడు."
"మా వైపు ఏడుకి నడుం మీద అడ్డగీత ఉంటుంది."

చిలేషె ఏమీ అనలేదు.
ఆ పేజీ కొట్టేసి, పక్కన సంతకం పెట్టి,
ఇంకో పేజీ తిప్పి
మొదటి నంబరు దగ్గర్నుంచి రాసింది.